అడవిలో రెండు రోజులు

ఇంటిలో దాహం వేస్తే బిందెలో చెంబు ముంచుతాం. చీకటి పడితే మీట నొక్కి దీపం వెలిగిస్తాం. దారి తెలియకపోతే ఎదురైనవారిని అడుగుతాం. బిందె, దీపం, ఎదురయ్యే మనిషి - ఈ మూడూ లేనిచోట ఒక పగలు, ఒక రాత్రి గడపవలసి వస్తే ఏం చేయాలి? తప్పిపోయిన పశువును వెదుకుతూ కొండ ఎక్కినవారికీ, వరదలో చిక్కుకొన్నవారికీ, బండి చెడిపోయి అడవిదారిలో నిలిచిపోయినవారికీ ఈ ప్రశ్న ఎదురవుతుంది. దానికి సమాధానం నేర్పే విద్యను వనజీవన శిక్షణ అనవచ్చు. చేతిలో ఉన్న కొద్దిపాటి వస్తువులతో, తెలివితో, తోటివారి సాయంతో ప్రాణాన్ని నిలుపుకోవడమే ఈ విద్య సారాంశం.

మన దేశంలో బాలబాలికలకు ఇటువంటి శిక్షణనిచ్చే సంస్థలలో ముఖ్యమైనవి రెండు. మొదటిది నేషనల్ కేడెట్ కోర్. దీనిని ఎన్.సి.సి. అని పిలుస్తాం. 1948లో చేసిన చట్టం ద్వారా ఇది ఏర్పడింది. మరుసటి సంవత్సరమే బాలికల విభాగం కూడా మొదలైంది. 'ఏకతా ఔర్ అనుశాసన్', అనగా ఐకమత్యం, క్రమశిక్షణ అన్నది దీని ఆదర్శవాక్యం. కేడెట్లుగా చేరినవారు తరువాత సైన్యంలో చేరి తీరాలన్న నిర్బంధమేమీ లేదు. రెండవది 1950 నవంబరు 7న ఏర్పడిన భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్. స్కౌటు ఉద్యమానికి మూలపురుషుడు బేడెన్ పవెల్. ఆయన 1907 ఆగస్టులో ఇంగ్లండులోని బ్రౌన్‌సీ అనే చిన్న దీవిలో సుమారు ఇరవైమంది బాలురతో తొలి శిబిరం నడిపాడు. సంపన్నుల పిల్లలనూ, కార్మికుల పిల్లలనూ కలిపి జట్లుగా చేశాడు. గుడారం వేయడం, ముడులు కట్టడం, అడుగుజాడలు పట్టడం, సొంతంగా వంట చేసుకోవడం వారికి నేర్పాడు. నేటి శిబిరాలలో నేర్పే పాఠాలు కూడా చాలావరకు అవే.

అయితే అడవులన్నీ ఒకే విధంగా ఉండవు. చలిదేశపు అడవిలో పనికివచ్చే ఉపాయం మన అడవిలో పనికిరాకపోవచ్చు. కాబట్టి మనకు దగ్గరగా ఉన్న ఒక కొండను మనసులో ఉంచుకొని ఈ పాఠాలను పరిశీలిద్దాం. ధర్మపురి జిల్లాలో హరూరుకు సుమారు 16 కిలోమీటర్ల దూరంలో తీర్థమలై ఉన్నది. తమిళంలో మలై అంటే కొండ. ఈ కొండమీద తీర్థగిరీశ్వరుని ఆలయం ఉంది. శ్రీరాముడు శివపూజకు నీరు కావలసి బాణం వేయగా రాతినుండి ఊట పుట్టిందని స్థలపురాణం చెబుతుంది. అదే రామతీర్థం. ఇదికాక కుమార, గౌరీ, అగస్త్య, అగ్ని తీర్థాలు కూడా ఇక్కడ ఉన్నాయి. హోసూరు, కృష్ణగిరి ప్రాంతాల మీదుగా వచ్చే దక్షిణ పినాకిని నది ఈ కొండకు దూరం కాదు. తమిళులు దానిని తెన్‌పెణ్ణై అంటారు. చుట్టుపక్కల కొండలలో ఉన్నవి ఎండకాలంలో ఆకు రాల్చే పొడి అడవులు. ముళ్ళపొదలు, బండరాళ్ళు, వెదుళ్ళు, వేసవిలో మండే ఎండ - ఇదీ ఇక్కడి ప్రకృతి.

శిక్షణలో మొదటి పాఠం అడవిలో కాదు, ఊరిలోనే మొదలవుతుంది. ఎక్కడికి వెళుతున్నారో, ఏ దారిన వెళుతున్నారో, ఎందరు వెళుతున్నారో, ఎప్పటికి తిరిగి వస్తారో వ్రాసి ఒక బాధ్యతగల వ్యక్తికి ఇవ్వాలి. అటవీశాఖ అనుమతి పొందాలి. ఆ అడవిని ఎరిగిన స్థానికుని వెంట తీసుకొనివెళ్ళాలి. తప్పిపోయిన మనిషిని వెదకడానికి వచ్చేవారికి ఆ చిన్న కాగితమే మొదటి ఆధారం. ఎవరికీ చెప్పకుండా వెళ్ళినవాడు ఎంత బలవంతుడైనా సరే, అతనికోసం వెదకాలన్న సంగతే ఎవరికీ తెలియదు.

రెండవ పాఠం అవసరాల క్రమం. గాలి లేకపోతే మనిషి కొన్ని నిమిషాలే బ్రతుకుతాడు. నీరు లేకపోతే సుమారు మూడు రోజులు, ఎండ తీవ్రంగా ఉంటే అంతకంటె తక్కువ. ఆహారం లేకపోయినా కొన్ని వారాలు బ్రతకవచ్చు. దారి తప్పినవారు చాలామంది ముందుగా ఆకలిని తలచుకొని భయపడతారు. నిజానికి మొదట చూసుకోవలసినవి నీడ, నీరు. తిండి సంగతి చివరిది.

ఇక నీటి సంగతి. రాతికొండమీద ఊట ఎలా పుడుతుంది? వానకాలంలో కురిసిన నీరు బండల పగుళ్ళలోనికి దిగుతుంది. లోపల పగుళ్ళు లేని గట్టిరాయి అడ్డుపడినప్పుడు అది పక్కకు మళ్ళుతుంది. కొండవాలులో ఆ పగులు బయటపడినచోట నీరు ధారగా కారుతుంది. రాతి లోపల దాని ప్రయాణం చాలా నెమ్మదిగా సాగుతుంది. అందుచేత వానలు వెనుకబట్టిన తరువాత కూడా ఊట కొంతకాలం నిలుస్తుంది. ఈ సూత్రం తెలిసిన కేడెటు బండల మొదట్లో తడి కోసం చూస్తాడు. చుట్టూ అడవి ఎండిపోయి ఉండగా ఒకచోట మాత్రం పచ్చని చెట్ల వరుస కనిపిస్తే అక్కడ నీటిజాడ ఉన్నదని గ్రహిస్తాడు. ఎండిన వాగులో మలుపు వెలుపలి వైపున ఇసుక తోడి చెలమ తీస్తాడు. మన పల్లెలలో పెద్దలు ఎండకాలంలో మంచినీటికి చేసేది ఇదే.

దొరికిన నీటిని వెంటనే తాగరాదు. ముందుగా శుభ్రమైన పాత నూలుగుడ్డను ఎన్నో మడతలు వేసి వడకట్టాలి. బంగ్లాదేశ్ గ్రామాలలో పాతచీరను మడిచి వడకట్టిన నీరు తాగినవారిలో కలరా దాదాపు సగానికి తగ్గినట్లు 2003లో ప్రచురించిన పరిశోధనలో తేలింది. నీరు బురదగా ఉంటే చిల్లగింజను కుండలోపలి అంచుకు అరగదీసి నీటిలో కలుపుతారు. కొంతసేపటికి మట్టి అడుగుకు చేరి పైనీరు తేటపడుతుంది. తమిళులు ఈ గింజను తేత్తాంకొట్టై అంటారు. అయితే తేటనీరంతా మంచినీరు కాదు. కంటికి కనబడని సూక్ష్మజీవులు అందులో మిగిలే ఉంటాయి. కాబట్టి చివరకు నీటిని తెర్లబెట్టాలి. కళపెళ ఒక నిమిషం మరిగితే రోగక్రిములు నశిస్తాయి. మరొక మాట. దాహం వేస్తున్నా సీసాలో నీరు మిగుల్చుకొని నడవడం పొరపాటు. పొదుపు చేయవలసినది నీటిని కాదు, చెమటను. ఎండవేళ నీడన ఆగి, చల్లని వేళలలో నడిచేవారికి ఉన్న నీరే ఎక్కువసేపు సరిపోతుంది.

దిక్కులు తెలుసుకోవడం మూడవ పాఠం. సమతలమైన నేలలో ఒక కర్రను నిలువుగా పాతి, దాని నీడ కొన వద్ద ఒక రాయి పెట్టాలి. అరగంట ఆగి, జరిగిన నీడ కొన వద్ద మరొక రాయి పెట్టాలి. మొదటి రాయి పడమర, రెండవ రాయి తూర్పు. సూర్యుడు పడమరకు పోయేకొద్దీ నీడ తూర్పుకు జరగడమే దీనికి కారణం. మధ్యాహ్నపు నీడ ఎప్పుడూ ఉత్తరానికే పడుతుందని కొన్ని విదేశీ పుస్తకాలలో ఉంటుంది. గడియారపు ముల్లును సూర్యునివైపు తిప్పి దక్షిణదిక్కును కనుగొనే పద్ధతి కూడా వాటిలో ఉంటుంది. అవి ఉత్తరాన దూరంగా ఉన్న చలిదేశాలకు సరిపోతాయి. తీర్థమలై భూమధ్యరేఖకు ఉత్తరంగా సుమారు 12 డిగ్రీల అక్షాంశంలోనే ఉన్నది. ఇక్కడ ఏప్రిల్ నాలుగవ వారం మొదలు ఆగస్టు మూడవ వారం వరకు మధ్యాహ్నవేళ సూర్యుడు నడినెత్తికి ఉత్తరంగా ఉంటాడు. అప్పుడు నీడ దక్షిణానికి పడుతుంది. పుస్తకాన్ని నమ్మి నడిచినవాడు సరిగ్గా వ్యతిరేకదిశకు పోతాడు. రెండు రాళ్ళ పద్ధతి మాత్రం ఏ మాసంలోనైనా పనిచేస్తుంది.

రాత్రివేళ ధ్రువనక్షత్రం ఉత్తరదిక్కును తెలుపుతుంది. దిగంతం నుండి అది ఎంత ఎత్తున కనిపిస్తుందో, ఆ ప్రదేశపు అక్షాంశం కూడా దాదాపు అంతే. చేతిని ముందుకు చాచి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు సుమారు 10 డిగ్రీలు. కాబట్టి తీర్థమలై వద్ద ధ్రువనక్షత్రం దిగంతానికి పిడికిలి మీద కొద్దిగా ఎత్తున మాత్రమే ఉంటుంది. ఎదురుగా కొండ అడ్డు వస్తే కనిపించదు. అప్పుడు వేటగాని ఆకారంలో ఉండే ఓరయన్ నక్షత్రమండలాన్ని చూడాలి. దాని నడుమున వరుసగా ఉన్న మూడు చుక్కలు తూర్పున ఉదయించి, పడమట అస్తమిస్తాయి.

రాత్రి బసకు చోటు ఎంచుకోవడంలో ఎంతో జాగ్రత్త కావాలి. ఎండిన వాగులోని మెత్తని ఇసుక పడుకోవడానికి హాయిగా ఉంటుంది. కాని ఎగువన ఎక్కడో కురిసిన వాన అర్ధరాత్రి ఆ వాగులో వరదై దిగవచ్చు. 2024 డిసెంబరు తొలిరోజుల్లో ఫెంగల్ తుపాను కారణంగా తీర్థమలైకి ఉత్తరాన ఉన్న ఊత్తంగరైలో ఒక్క రోజులో సుమారు 500 మిల్లీమీటర్ల వాన కురిసింది. రోడ్డు పక్కన నిలిపిన వాహనాలు నీటిలో కొట్టుకొనిపోయాయి. వాహనాలనే లాగుకొనిపోయే నీటికి గుడారం ఒక లెక్క కాదు. అందుచేత బస వాగుకు దూరంగా, కొంచెం మెట్టమీద ఉండాలి. తలపైన ఎండుకొమ్మలు ఉండరాదు. దగ్గరలో పాముపుట్టలు, రాళ్ళగుట్టలు ఉండరాదు. ఉరుములు, మెరుపులు ఉన్నప్పుడు ఒంటరి చెట్టు కిందకు పోరాదు. నేలను ఊడ్చి, రెండు చెట్లకు తాడు కట్టి, దానిమీద టార్పాలిన్ పరచి, నాలుగు మూలలనూ మేకులకు బిగిస్తే చక్కని నీడ ఏర్పడుతుంది.

నిప్పు మనిషికి మిత్రుడు. ఏమరుపాటుగా ఉంటే శత్రువు. యజ్ఞాలలో అరణి అనే కొయ్యలను మథించి అగ్నిని పుట్టించడం మన పూర్వులకు తెలుసు. శిబిరంలో కూడా కొయ్యను కొయ్యతో రాపాడించి నిప్పు పుట్టించే పద్ధతి చూపుతారు. ఒక నిప్పురవ్వ కోసం ఎంత శ్రమపడాలో దానితో అర్థమవుతుంది. కాని అంతకంటె ముఖ్యమైనది నిప్పును ఆర్పే పద్ధతి. అడవిలో అనుమతి లేకుండా నిప్పు రాజేయడం చట్టరీత్యా నేరం. అనుమతించినచోట కూడా గడ్డి చెక్కి, మట్టినేల తేలేవరకు శుభ్రం చేసి, చిన్న పొయ్యి మాత్రమే పెట్టాలి. పని ముగిశాక నీరు పోసి, బూడిద కలియబెట్టి, మళ్ళీ నీరు పోయాలి. అరచేతి వెనుకభాగాన్ని దగ్గరగా ఉంచినప్పుడు వేడి తగలకపోతేనే నిప్పు ఆరినట్లు లెక్క.

ఈ నియమం ఎందుకో ఒక విషాదం చెబుతుంది. 2018 మార్చి 11న తమిళనాడులోని తేని జిల్లా కురంగణి కొండలలో నడకయాత్రకు వెళ్ళినవారిని కార్చిచ్చు చుట్టుముట్టింది. వేసవికి ఎండిన గడ్డిలో మంట వేగంగా వ్యాపించింది. ఇరవైమందికి పైగా మరణించారు. వారిలో ఎక్కువమంది యువతీయువకులు. ఆ సంవత్సరమే రాష్ట్ర ప్రభుత్వం అడవులలో నడకయాత్రలకు ప్రత్యేక నియమాలు చేసింది. కొండవాలులో మంట పైకి ఎంతో వేగంగా ఎగబాకుతుంది. కిందనున్న మంట వేడికి పైనున్న గడ్డి ముందే ఎండి సిద్ధంగా ఉంటుంది. కాబట్టి కార్చిచ్చు కనిపించినప్పుడు కొండపైకి పరుగెత్తరాదు. మంట దారినుండి పక్కకు తప్పుకొని, గడ్డిలేని బండమీదకో, నీరున్న చోటికో, ఇదివరకే కాలిపోయి చల్లారిన నేలమీదకో చేరుకోవాలి.

అడవిలో దొరికే తిండి గురించి శిక్షకులు చెప్పే మాట ఒకటే: తెలియనిది తినరాదు. రేగు, నేరేడు, వెలగ, సీతాఫలం వంటివి మనకు చిన్ననాటినుండి తెలిసినవే. కాని గురివింద గింజ ఎంత అందంగా ఉంటుందో అంత విషం. ఉమ్మెత్త, గన్నేరు, అడవి ఆముదం కూడా ప్రమాదకరమైనవే. పక్షులు తిన్న పండును మనుషులు కూడా తినవచ్చునని కొందరు అనుకొంటారు. అది నిజం కాదు. పక్షి శరీరం వేరు, మనిషి శరీరం వేరు. రెండు రోజులు పస్తు ఉన్నా ఆరోగ్యవంతునికి ప్రాణహాని లేదు. ఒక విషపుకాయ తింటే ఉన్నది.

అడవిలోనూ, పొలంలోనూ జాగ్రత్త పడవలసిన మరొక విషయం పాముకాటు. మన దేశంలో 2000 నుండి 2019 వరకు సుమారు 12 లక్షలమంది పాముకాటుతో మరణించారని 2020లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా వేసింది. అనగా ఏటా సగటున 58,000 మంది. వీరిలో ఎక్కువమంది పల్లెవాసులు. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి - ఈ నాలుగింటి విషానికి విరుగుడు మందు ఆస్పత్రులలో ఉంటుంది. కట్లపాము సాధారణంగా రాత్రివేళ నేలమీద నిద్రించేవారిని కరుస్తుంది. కాటు నొప్పి పెద్దగా తెలియదు. కాబట్టి దోమతెర అంచులను పడక కిందికి దోపుకొని పడుకోవాలి. ఉదయం బూట్లను దులిపి తొడుక్కోవాలి. చీకటిలో దీపం లేకుండా అడుగు వేయరాదు.

పాము కరిచినప్పుడు గాయాన్ని కోయరాదు, నోటితో పీల్చరాదు, తాడుతో బిగించి కట్టరాదు. రోగికి ధైర్యం చెప్పి, కరిచిన కాలునో చేతినో కదలకుండా ఉంచి, మోసుకొనిగాని, బండిమీదగాని తక్షణమే ఆస్పత్రికి చేర్చాలి. మంత్రాలకోసం, పసరులకోసం గడిపే ప్రతి నిమిషం ప్రాణానికి ముప్పే. 2005లో హైదరాబాదులో మొదలైన 108 అంబులెన్సు సేవ ఇప్పుడు తమిళనాడులో కూడా ఉన్నది. ఇంటిలో తెలుగు మాట్లాడే పిల్లలు ఇక్కడ మరొక సంగతి గుర్తుంచుకోవాలి. ఆస్పత్రిలో వివరం చెప్పవలసినది తమిళంలో కావచ్చు. నాగుపామును తమిళంలో నల్లపాంబు అనీ, కట్లపామును కట్టువిరియన్ అనీ, రక్తపింజరిని కణ్ణాడివిరియన్ అనీ, చిన్నపింజరిని సురుట్టైవిరియన్ అనీ అంటారు. రెండు భాషలలో పేర్లు తెలిసి ఉండటం ఇటువంటి వేళ ఎంతో మేలు చేస్తుంది. అలాగని పామును గుర్తించడానికో, చంపడానికో దాని వెంటపడి కాలయాపన చేయరాదు.

విరుగుడు మందు తయారు కావాలంటే ముందుగా పాము విషమే కావాలి. ఆ విషాన్ని సేకరించడంలో ఇరుళ జాతి గిరిజనుల పాత్ర గొప్పది. 1978లో చెన్నై సమీపాన వారి సహకార సంఘం ఏర్పడింది. వారు పాములను పట్టి, విషం తీసి, తిరిగి అడవిలో విడిచిపెడతారు. వారిలో వడివేల్ గోపాల్, మాసి సడయన్ అనే ఇద్దరికి 2023లో భారత ప్రభుత్వం పద్మశ్రీ పురస్కారం ప్రకటించింది. బడిలో నేర్చిన చదువు కాదు, తాతతండ్రులనుండి వచ్చిన అడవిచదువు వారికి ఆ గౌరవం తెచ్చిపెట్టింది. అడవి గురించి నేర్చుకొనేవారు ముందుగా వినవలసినది అడవిలో పుట్టి పెరిగినవారి మాటనే.

ఇన్ని తెలిసినా ఒక్కొక్కప్పుడు దారి తప్పవచ్చు. అప్పుడు చేయవలసిన మొదటి పని ఏమీ చేయకుండా ఉండటం. ఆగాలి. నీడన కూర్చోవాలి. నాలుగు గుక్కల నీరు తాగాలి. ఎక్కడినుండి వచ్చామో, ఏ గుర్తు దాటామో నెమ్మదిగా గుర్తు చేసుకోవాలి. కంగారుతో పరుగెత్తేవాడు వెదికేవారికి మరింత దూరమవుతాడు. ఉన్నచోటనే ఉండి ఈలను మూడుసార్లు ఊదాలి. కొంచెం ఆగి మళ్ళీ మూడుసార్లు ఊదాలి. మూడు అన్నది ఆపదకు గుర్తుగా చాలా దేశాలలో చెల్లుతుంది. అరుపు కొంతసేపటికే గొంతు ఎండబెడుతుంది. ఈలకు అంత శ్రమ లేదు. అందుకే ప్రతి కేడెటు మెడలోనూ ఒక ఈల ఉంటుంది. ఎవ్వరూ ఒంటరిగా జట్టును విడిచి పోరాదన్న నియమం కూడా ఇందుకోసమే.

ఇటువంటి శిక్షణ ఎంతదూరం తీసుకొనిపోగలదో మాలావత్ పూర్ణ ఉదాహరణ. నిజామాబాదు జిల్లా పాకాల గ్రామానికి చెందిన ఈ గిరిజన బాలిక సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుకొన్నది. భువనగిరి కోటబండమీద తాళ్ళతో ఎక్కడం, దిగడం నేర్చింది. తరువాత డార్జిలింగులోనూ, లడఖ్‌లోనూ మంచుకొండలలో సాధన చేసింది. 2014 మే 25న, పద్నాలుగు సంవత్సరాలు నిండకముందే, ఎవరెస్టు శిఖరాన్ని అధిరోహించింది. గురుకుల విద్యార్థి సాధనపల్లి ఆనంద్‌కుమార్ కూడా ఆ యాత్రలో శిఖరం చేరాడు. ఒక ఊరి బండతో మొదలైన సాధన ప్రపంచంలోకెల్లా ఎత్తయిన శిఖరానికి చేర్చింది. అయినా వారు మొదటిరోజు నేర్చినది శిఖరం ఎక్కడం కాదు. తాడును సరిగా పట్టుకోవడం, శిక్షకుని మాట వినడం.

శిబిరంలో రెండవరోజు సాయంత్రం గుడారాలు విప్పుతారు. పొయ్యిమట్టిని చల్లార్చి చదును చేస్తారు. తెచ్చిన కాగితాలు, ప్లాస్టిక్ సంచులు అన్నీ ఏరి తిరిగి ఊరికి తెస్తారు. ఆ చోట నలిగిన గడ్డి తప్ప మరేమీ మిగలకూడదు. చివరగా నాయకుడు తలలు లెక్కపెడతాడు. వెళ్ళినవారందరూ తిరిగివచ్చారని తేలితేనే శిబిరం జయప్రదమైనట్లు. అడవిని జయించడం ఈ శిక్షణ ఉద్దేశం కాదు. అడవి నియమాలు తెలుసుకొని, వాటికి లోబడి, క్షేమంగా ఇంటికి రావడమే దీని ఉద్దేశం. ఈ విద్య నేర్చిన విద్యార్థి వరద వచ్చినా, నిప్పు అంటుకొన్నా, పక్కవానిని పాము కరిచినా కంగారుపడడు. ముందు ఆగుతాడు, ఆలోచిస్తాడు, ఆ తరువాతనే అడుగు వేస్తాడు. ఆ ఒక్క అడుగు ఎందరి ప్రాణాలనో కాపాడగలదు.

ఆలోచించి వ్రాయండి

1. రాతికొండమీద ఊట ఎలా పుడుతుంది? వానలు ఆగిన తరువాత కూడా అది ఎందుకు నిలుస్తుంది?
2. "పొదుపు చేయవలసినది నీటిని కాదు, చెమటను." ఈ వాక్యాన్ని వివరించండి.
3. చలిదేశాల పుస్తకాలలోని దిక్కులు తెలుసుకొనే పద్ధతులు మన ప్రాంతంలో అన్ని మాసాలలోనూ ఎందుకు సరిపోవు?
4. పాము కరిచినప్పుడు చేయవలసిన పనులు, చేయకూడని పనులు వేరువేరుగా వ్రాయండి.
5. మీ ఊరి చుట్టుపక్కల ఉన్న చెట్లలో పదింటిని ఎంచుకొని, పెద్దలను అడిగి వాటి తెలుగు, తమిళ పేర్లను పట్టికగా వ్రాయండి.